పెట్టెలో ఫొటోలు ఎవరివి?

పండక్కో, పెళ్ళికో, పెద్దల సంవత్సరీకానికో అద్దంకి వచ్చే మనవాళ్ళు ఈ మధ్య ఒక మంచి పని చేస్తున్నారు. అటక మీది ట్రంకు పెట్టె దింపి, అందులోని పాత ఫొటోలన్నిటినీ స్కానరుతోనో, అది లేకపోతే సెల్‌ఫోనుతోనో ఎక్కించి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. డల్లాస్‌లో ఉన్న మనవడు, హైదరాబాదులో ఉన్న మేనత్త, ఎప్పుడో పొలాలు కొనుక్కుని కర్ణాటకలోని సింధనూరు, గంగావతి క్యాంపులకు వెళ్ళిపోయిన బాబాయి పిల్లలు, అందరూ ఒక్కసారే చూసుకుంటున్నారు. "ఇది మా అమ్మేనా? ఇంత సన్నగా ఉండేదా?" అని అడుగుతున్నారు. నాలుగు రోజులు గ్రూపంతా సందడి.

సందడి అయిపోయాక పెట్టె నట్టింట్లో మిగులుతుంది. స్కాన్ చేసేశాం కదా, ఇంక ఈ కాగితాలెందుకంటాడు కొడుకు. పెద్దల ఫొటోలు పారేస్తే అరిష్టమంటుంది తల్లి. ఇద్దరి మాటా తీసెయ్యడానికి లేదు. హైదరాబాదు ఫ్లాటులో బట్టల బీరువాకే చోటు చాలదు. అమెరికా వెళ్ళే సూట్‌కేసులో పచ్చళ్ళకే బరువు సరిపోతుంది. అలాగని మామగారి మొహాన్ని చెత్తబండిలో వెయ్యడానికి ఏ కోడలికీ చెయ్యి రాదు. చివరికి పెట్టె మళ్ళీ అటకెక్కుతుంది. మనం తీసుకోలేకపోయిన నిర్ణయాన్ని అక్కడ చెదలు తీసుకుంటాయి.

ఈ చిక్కు ఎంతకీ తెగకపోవడానికి కారణం, ఏం చెయ్యాలన్న ప్రశ్నతో మొదలుపెట్టడమే. అంతకు ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది: ఈ ఫొటోలు ఎవరివి? ఇల్లు నా వాటాకొచ్చింది, ఇంటితోపాటు పెట్టె వచ్చింది, కాబట్టి ఫొటోలు నావి అనుకుంటాం. పొలానికి ఆ లెక్క చెల్లుతుంది. ఫొటోకు చెల్లదని నా అభిప్రాయం. ఫొటోలో ఎవరున్నారో వాళ్ళకూ, వాళ్ళ పిల్లలకూ దాని మీద పెట్టె దొరికినవాడికంటే ఎక్కువ హక్కు ఉంది. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే పెట్టెలో సగం దానంతటదే ఖాళీ అవుతుంది.

మన వైపు పాత గ్రూపు ఫొటో ఒకటి మనసులో పెట్టుకోండి. ఇంటి ముందు కుర్చీలు వేశారు. పెద్దాయన పంచె, పై మీద కండువా, చేతిలో కర్ర. పక్కన ఆయన భార్య. వెనక కొడుకులు నిలబడ్డారు, కోడళ్ళు కొంగు సర్దుకుని ఇంకాస్త వెనక. చాప మీద పిల్లలు. అందరి పేర్లూ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పగలరు. ఇప్పుడు అంచు చూడండి. ఒక పక్కన గిత్త ముకుతాడు పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. ఇంకో పక్కన, ఏడుస్తున్న చంటిపిల్లను ఎత్తుకుని గడప దగ్గర ఒకావిడ ఉంటుంది. ఆయన పాలేరు. ఆవిడ పత్తి తీతకో, మిరపకాయ కోతకో వచ్చి, ఆ పూట పిల్లను ఎత్తుకున్న కూలి మనిషి. ఫొటో పటం కట్టించేటప్పుడు స్టూడియో వాళ్ళు ఈ ఇద్దర్నీ అట్ట కింద దాచేసి ఉంటారు కూడా.

ఆ ఇద్దరికీ విడిగా ఫొటో ఉందా? చాలామందికి లేదు. కూలి చేసుకునే ఇళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళకు జీవితంలో మొదటి ఫొటో 1990లలో ఓటరు గుర్తింపు కార్డు కోసం తీసింది. తర్వాతది రేషన్ కార్డు కోసం ఇంటిల్లిపాదీ కలిసి దిగింది. వాళ్ళ అమ్మా నాన్నలకు అదీ లేదు. అంటే ఆ కుటుంబానికి సంబంధించి, వాళ్ళ తాత ఎలా ఉండేవాడో చెప్పే ఒకే ఒక్క కాగితం మీ అటక మీద, మీ పెట్టెలో ఉంది. ఆ సంగతి మీకు తెలియదు, వాళ్ళకీ తెలియదు. మీకు అది నలభై ఫొటోల్లో ఒకటి. వాళ్ళకు అదొక్కటే. కనుక స్కాన్ చేశాక, అసలు కాగితాన్ని వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వండి. స్కాన్ మీ దగ్గర ఉంచుకోండి. అంచులో ఉన్న మనిషి మొహాన్ని పెద్దది చేయించి ఇస్తే మరీ మంచిది. ఆయన మనవడు ఇవాళ ఒంగోలులో ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు, బెంగళూరులో ఇంజనీరై ఉండవచ్చు. తాతను ఎన్నడూ చూడని మనిషికి తాత మొహం దొరకడమంటే ఏమిటో, ఇచ్చేవాళ్ళకు ఆ గడపలోనే తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ళ విషయంలోనూ ఇదే న్యాయం. పురిట్లో పోయిన మొదటి భార్య పెళ్ళి ఫొటో పెట్టె అడుగున, గుడ్డలో చుట్టి ఉంటుంది. రెండో ఆవిడ నొచ్చుకుంటుందని దాచారు, పారెయ్యడానికి మనసొప్పక ఉంచారు. ఆ తల్లికి పుట్టిన కూతురు ఇప్పుడు అరవై ఏళ్ళ మనిషి, ఏ చీరాలలోనో ఉంటుంది. తల్లి మొహం ఆమెకు గుర్తుండే అవకాశమే లేదు. ఆ ఫొటో ఆమెది. విడిపోయిన దంపతుల పెళ్ళి ఆల్బం కూడా అంతే. కోపంతో చింపెయ్యడం కాదు, పిల్లలు ఉంటే పిల్లలకు చేర్చడం. ఆ పిల్లలకు అది అమ్మా నాన్న ఒకచోట ఉన్న రోజు.

ఇంకో రకం ఫొటో ఉంది, మాట్లాడటానికి అందరూ ఇబ్బందిపడేది. మనిషి పోయాక, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ కుటుంబం నిలబడి తీయించుకున్న ఫొటో. బతికున్నప్పుడు తీయించుకోలేదు, మట్టిలో కలిసేలోగా ఒక్క గుర్తయినా మిగుల్చుకుందామని కబురుపెట్టి ఫొటోగ్రాఫరును రప్పించేవాళ్ళు. ఈ కాలం పిల్లలు చూసి భయపడతారు, అవతల పడెయ్యమంటారు. పడెయ్యకండి. ఆ మనిషికి ఉన్న ఫొటో అదొక్కటేనా అన్నది ముందు తేల్చుకోండి. అదొక్కటే అయితే ఒక కవరులో పెట్టి, పైన పేరు, తేదీ, పోయాక తీసిన ఫొటో అని రాసి ఉంచండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. చంటిపిల్లల్ని బట్టల్లేకుండా తీసిన ఫొటోలూ అంతే. అప్పట్లో ముచ్చటకు తీయించారు. ఆ పిల్లవాడికి ఇప్పుడు పిల్లలున్నారు. గ్రూపులో పెట్టాలా వద్దా అన్నది ఆయన్నే అడగాలి.

ఇంతకీ స్కాన్ చేశాక కాగితంలో ఇంకా ఏం మిగిలి ఉంటుంది? చాలా ఉంటుంది. అందరూ ముందువైపే స్కాన్ చేస్తారు. సంగతంతా వెనకవైపు ఉంటుంది. స్టూడియో రబ్బరు ముద్ర, ఎవరో పెన్సిలుతో రాసిన తేదీ, ఎవరికి పంపారో ఆ పేరు. కాగితం చేసిన కంపెనీ పేరు కూడా ఒక్కోసారి వెనకే ఉంటుంది: కొడాక్, ఆగ్ఫా, లేదంటే ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు. ఊటీలో ఉత్పత్తి మొదలైంది 1967లో. కనుక ఇందు పేరున్న కాగితం అంతకు ముందుది కాదు.

జిల్లా పేరు కాలాన్ని ఇంకా బాగా పట్టిస్తుంది. అద్దంకి కింద గుంటూరు జిల్లా అని ఉంటే 1970కి ముందటి మాట. ఆ ఏడు ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కాబట్టి వెనక 'ఒంగోలు జిల్లా' అని చేత్తో రాసి ఉంటే, ఆ ఫొటో ఇంచుమించు ఆ రెండేళ్ళది. స్టూడియో వాళ్ళు పాత ముద్రనే కొన్నాళ్ళు కొట్టి ఉండవచ్చు, అది కాస్త చూసుకోవాలి. 2022 ఏప్రిల్లో అద్దంకిని బాపట్ల జిల్లాలో కలిపారు. మనిషి ఉన్నచోటే ఉన్నాడు, ఫొటో వెనక జిల్లాలు మారాయి.

ముందువైపు కూడా మొహాలతో అయిపోదు. నేపథ్యం చూడండి. తాతగారు పొలంగట్టు మీద నిలబడ్డారు, వెనకంతా మెట్ట. ఎక్కడా కాలువ లేదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీళ్ళు వదిలారు. తర్వాత అద్దంకి బ్రాంచి కాలువ కింద కొంత మెట్ట మాగాణి అయింది. కాలువకు ముందు ఈ నేల ఎలా ఉండేదో మాటల్లో చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. మీ తాతగారి వెనక ఉన్న ఆ ఎండిన చేనే దానికి సాక్ష్యం. ఒంగోలు గిత్తల పక్కన తీయించుకున్న ఫొటోలు కూడా అలాంటివే. మన కరవది ఊరి పేరు మోసిన గిత్త 1960లలో బ్రెజిల్ వెళ్ళి, అక్కడి నెలోర్ పశువుల వంశావళిలో నిలిచిపోయింది. గిత్తను అమ్మే ముందు ఇంటిల్లిపాదీ దాంతో ఫొటో దిగిన రోజులవి. ఆ పశువు ఎత్తు, మూపురం, గంగడోలు ఎలా ఉండేవో పశువైద్యం చదివే పిల్లలకు ఇవాళ ఆ ఫొటోల్లో కనిపిస్తుంది.

రైతు ఇళ్ళలో బాధ మోసే ఫొటోలు కూడా ఉంటాయి. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అలా పోయిన మనిషికి కొన్ని ఇళ్ళలో మిగిలింది పట్టాదారు పాసుపుస్తకం మీద అంటించిన పాస్‌పోర్టు సైజు ఫొటోయే. దాన్ని ఊడదీయకండి. పుస్తకంతో సహా స్కాన్ చేయించి, పుస్తకంతో సహా దాచండి. ఆ కాగితం మీద అది ఎందుకుందో చెప్పేది ఆ పుస్తకమే.

ఇక కాగితం పాడైపోదా అంటారు. కొన్ని పాడవుతాయి, కొన్ని మనకంటే ఎక్కువ కాలం ఉంటాయి. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో బొమ్మను పట్టుకున్నది వెండి. డార్క్ రూంలో కడిగినవాళ్ళు హైపో అనే రసాయనం పూర్తిగా పోయేదాకా నీళ్ళల్లో ఉంచి ఉంటే, అది అరవై, డెబ్బై ఏళ్ళయినా చెక్కుచెదరదు. తొందరపడి కడిగినవే పచ్చబడతాయి. 1970ల నుంచి 1990ల దాకా వచ్చిన కలర్ ఫొటోల సంగతి వేరు. వాటిలో ఉండేవి రంగులు. వెలుగు తగలకపోయినా వెలిసిపోతాయి, మొహాలన్నీ ఎర్రబారతాయి. కాబట్టి స్కాన్ చెయ్యడానికి తొందర పడవలసింది తాతగారి బ్లాక్ అండ్ వైట్ ఫొటోకు కాదు, మీ అక్క పెళ్ళి కలర్ ఆల్బానికి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

నెగెటివులు దొరికితే ఫొటోలకంటే ముందు వాటిని కాపాడండి. అసలు అదే. ఫొటో దాని నకలు. నల్లటి పాత ఫిలిం ముక్కలని చిన్నపిల్లలకు సూర్యగ్రహణం చూడమని ఇచ్చేసిన ఇళ్ళున్నాయి. కంటికీ చేటు, నెగెటివుకూ చేటు.

గోడ మీది పటాల గురించి ఒక మాట. పెద్దాయన ఫొటోను పెద్దది చేయించి, చేత్తో రంగులు వేయించి, పటం కట్టించి, కుంకుమ బొట్టు పెట్టి, దండ వేసి ఉంటారు. ఆ రంగులు వేసింది ఊళ్ళోనో, ఒంగోలులోనో ఉన్న ఒక చిత్రకారుడు. పంచె అంచుకు జరీ పసుపు, పెదవికి లేత ఎరుపు, కుంచెతో అద్దాడు. స్కానరు రంగును పట్టుకుంటుంది గానీ కుంచె పని కాగితం మీదే కనిపిస్తుంది. అందుకని పటంలో నకలు పెట్టించి గోడకు వెయ్యండి, అసలును లోపల దాచండి. దండ నకలుకు వేసినా పెద్దాయనకే చెందుతుంది. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం పీకకండి. మొహం అద్దంతో వచ్చేస్తుంది. అద్దంతో ఉండగానే వెలుగు మెరవకుండా కాస్త పక్కవాటుగా కెమెరాతో తీయించి, అలాగే ఉంచండి. జిగురు ఆల్బాల్లో అతుక్కున్నవాటికి సన్నటి దారం కింద నుంచి పోనిచ్చి మెల్లగా విడదీస్తే వస్తాయి.

దాచే చోటు అటక కాదు. రేకుల కప్పు కింద వేసవి సెగకు ఫొటో మీది జిలాటిన్ పొర పెళుసెక్కుతుంది. వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. ఇంట్లో మనుషులు పడుకునే గదిలో, బయటి గోడకు ఆనని బీరువాలో, నేలకు అడుగు పైన పెట్టండి. మనకు సుఖంగా ఉన్న చోటే ఫొటోకూ సుఖం. ప్లాస్టిక్ సంచులు వద్దు, తెల్ల కాగితం కవర్లు చాలు. కలరా ఉండలు వెయ్యకండి. ఎత్తున పెట్టమనడానికి కారణం నేను చెప్పనక్కర్లేదు. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఒంగోలు నీళ్ళల్లో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. బట్టలు, సామాన్లు మళ్ళీ కొన్నారు. ఆల్బాలు కొనడానికి ఎక్కడా దొరకవు.

తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఇంక రావు. ఆరకముందే చల్లటి మంచినీళ్ళల్లో విడదీసి, బురద కడిగి, నీడపట్టున శుభ్రమైన గుడ్డ మీద మొహం పైకి ఉండేటట్టు ఆరబెట్టాలి. ఒక్కసారే చెయ్యలేనన్ని ఉంటే కవరులో పెట్టి ఫ్రిజ్‌లో పైన గడ్డకట్టించండి, బూజు ఆగుతుంది, తీరిగ్గా చూసుకోవచ్చు. 2011లో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు యమమోతో అనే ఊళ్ళో జనం బురదలోంచి లక్షల ఫొటోలు ఏరి, ఒక్కొక్కటీ కడిగి, ఆరబెట్టి, ఎవరివి వాళ్ళకు చేర్చడానికి పూనుకున్నారు. సర్వం పోయినవాళ్ళు వచ్చి వెతుక్కున్నది ఫొటోలే.

కంప్యూటరులో ఉంది కదా, అది చాలదా? చాలదు. పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే మిలియన్ బుక్ ప్రాజెక్టును ముందుండి నడిపించినవారు మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు. ఆ దారిలోనే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి వేల తెలుగు పుస్తకాలు ఎక్కాయి. 2017 ప్రాంతంలో కాపీరైటు తగాదాలతో ఆ వెబ్‌సైటు మూతపడింది. ఇవాళ మనం ఆ పుస్తకాలు చదువుకోగలుగుతున్నామంటే, ముందుచూపున్నవాళ్ళు నకళ్ళు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టబట్టే. దేశం పెట్టిన లైబ్రరీకే ఆ గతి పట్టినప్పుడు, మీ పెద్దబ్బాయి ఖాతాలో ఉన్న ఫొటోలకు భరోసా ఏమిటి? గూగుల్ ఫొటోస్‌లో ఎన్నయినా ఉచితంగా పెట్టుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది. రెండేళ్ళు వాడని ఖాతాలను తీసేసే పద్ధతి కూడా 2023 చివరి నుంచి అమల్లోకి వచ్చింది. ఖాతా ఉన్న మనిషి పోతే, పాస్‌వర్డు ఆయనతోనే పోతుంది. ఇంటర్నెట్‌కు పునాది వేసినవారిలో ఒకరైన వింట్ సెర్ఫ్ అంతటివాడు 2015లో, మీకు నిజంగా కావలసిన ఫొటోలను కాగితం మీద వేయించుకోండని జనానికి చెప్పాడు.

మన ఊరివాళ్ళకు ఇది వేరే చెప్పాలా? క్రీస్తుశకం 848 ప్రాంతంలో గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనాన్ని చదవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. లిపి తెలిసిన కళ్ళు చాలు. కాగితం ఫొటో కూడా ఆ జాతిదే. పెట్టె తెరిస్తే చాలు, కనిపిస్తుంది. 1826, 27 ప్రాంతంలో నియెప్స్ అనే ఫ్రెంచివాడు తీసిన, ప్రపంచంలో మిగిలిన మొట్టమొదటి కెమెరా ఫొటో ఇప్పటికీ టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో, విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడున్న మన పిల్లలు వెళ్ళి చూడవచ్చు.

ఇక స్కాన్లు పోకుండా ఉండాలంటే వాటికి మూడు కాపీలు ఉండాలి. ఒకటి అద్దంకిలో హార్డ్ డిస్కులో, ఒకటి హైదరాబాదు వాళ్ళ దగ్గర, ఒకటి అమెరికాలోనో, ఆన్‌లైనులోనో. వాట్సాప్‌లో పంపింది కాపీ కింద లెక్కకు రాదు, అది ఫొటోను నలిపి చిన్నది చేస్తుంది. స్కాన్ 600 డీపీఐకి తక్కువ వద్దు. పాస్‌పోర్టు సైజువైతే 1200 పెట్టించండి. వెనకవైపు కూడా తప్పకుండా చేయించండి.

కుటుంబం హద్దు దాటి ఊరికి చెందే ఫొటోలు కొన్ని ఉంటాయి. శింగరకొండ తిరునాళ్ళు, హైస్కూలు బృందం, పాత బజారు, గుండ్లకమ్మ వరద, పొగాకు బ్యారన్ల దగ్గర పని, నాటక సమాజం వాళ్ళు. వీటిని ఇంట్లో మూసిపెట్టడం న్యాయం కాదు. దగ్గరలో వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్ర అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉంది. అది ఎవరిది, ఎప్పటిది అన్న సంగతి దాంతోపాటు నిలబడింది కాబట్టి అది గాంధీగారి కర్ర. ఆ సంగతి పోతే వెదురు ముక్క. మీ ఫొటో కూడా అలాంటి గ్రంథాలయానికో, ఊరి బడికో, ఏదైనా విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో ఇవ్వదలిస్తే ముందు వాళ్ళను అడగండి. ఇచ్చేటప్పుడు పేరు, తేదీ, చోటు, సందర్భం రాసిన కాగితంతో ఇవ్వండి. వివరం లేని ఫొటోను ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు?

రాజా దీన్‌దయాళ్‌గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. 1844లో పుట్టి, 1905లో పోయారు. ఆరో నిజాము దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరు, సికింద్రాబాదులో పెద్ద స్టూడియో. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళను పెట్టారు. ఆయన పోయాక గాజు నెగెటివులు కుటుంబం చేతుల్లో తరాలు దాటాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిలో 2,857 గాజు పలకలను సేకరించింది. ఆయన జీవితమంతా తీసినవాటిలో ఇది కొంత భాగమే. అయినా ఆనాటి హైదరాబాదు ఎలా ఉండేదో ఇవాళ మనం చూస్తున్నామంటే, గాజు పెట్టెల్ని బరువని పారెయ్యకుండా ఎనభై ఏళ్ళకు పైగా మోసిన ఆ ఇంటివాళ్ళ పుణ్యం. ఎప్పుడు చెయ్యి మార్చాలో కూడా వాళ్ళు తెలుసుకున్నారు.

ఇన్నీ పంచాక కొన్ని మిగులుతాయి. ఒకే దృశ్యం నాలుగుసార్లు తీసినవి, మసక పట్టినవి, ఊటీలో పొగమంచు, ఎవరిదో కారు. వీటిని తీసెయ్యడానికి సంకోచించకండి. గుండ్లకమ్మలో మాత్రం కలపకండి. పాత దేవుడి పటాల్లాగా ఇవీ నీళ్ళల్లో కలిస్తే పవిత్రమనుకుంటాం. 1970ల తర్వాతి కలర్ ఫొటో కాగితానికి రెండువైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది నీళ్ళల్లో కరగదు. కాల్చినా మంచి పొగ రాదు. దణ్ణం పెట్టుకుని, ముక్కలు చేసి, పొడి చెత్తలో వెయ్యండి. స్పష్టంగా మొహం ఉన్న ఫొటో ఒక్కటి కూడా అందులోకి వెళ్ళకుండా చూసుకోండి. ఆ మొహం ఎవరిదో మీకు తెలియకపోవచ్చు, మీ పెదనాన్నకు తెలియవచ్చు.

అసలు తొందర అక్కడుంది. ఫొటోలు ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. వాటిలో ఉన్నది ఎవరో చెప్పగలిగిన మనుషులు అన్నాళ్ళు ఉండరు. కాబట్టి ఈ సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు స్కానరు తర్వాత తియ్యండి. ముందు నాయనమ్మ దగ్గర కూర్చోండి. ఫొటో ఒక్కొక్కటే చేతికిచ్చి, ఆవిడ చెప్పేది సెల్‌ఫోనులో రికార్డు చెయ్యండి. పేర్లు మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ఫొటో వెనక అంచున రాయండి. బాల్‌పెన్ను వద్దు, గాటు ముందుకు వస్తుంది. ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిలు పడకపోతే కవరు మీద రాయండి. ఇంటిపేరు, ఊరు, వరస రాయండి. "పెద్దమ్మ" అని ఒక్క మాట రాసి వదిలెయ్యకండి, ఎవరికి పెద్దమ్మో మీ మనవడికి తెలియదు. గిత్త ముకుతాడు పట్టుకున్నాయన పేరు కూడా అడగండి. నాయనమ్మకు గుర్తుంటుంది. ఆ పేరు రాసుకుని, ఫొటో తీసుకుని, వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చి రండి.